స్క్రీన్ మీద చీకటి: ఇండీ గ్రాఫిక్ నవలల్లో గోథిక్ నోయిర్ మిస్టరీ ఎందుకింత పట్టేస్తుంది?

కొత్త ఫోన్ రివ్యూ ఏది చదివినా డిస్‌ప్లే సెక్షన్‌లో ఒక లైన్ గ్యారంటీగా ఉంటుంది: "బ్లాక్స్ చాలా డీప్‌గా ఉన్నాయి." అది చూపించడానికి ఏదో స్పేస్ సినిమా క్లిప్పో, రాత్రిపూట సిటీ వీడియోనో ప్లే చేస్తారు. నన్నడిగితే అంతకంటే మంచి టెస్ట్ ఒకటుంది. ఫ్రాంక్ మిల్లర్ 1991లో మొదలుపెట్టిన "సిన్ సిటీ" కామిక్‌లోంచి ఒక పేజీ ఓపెన్ చేయండి. పేజీలో చాలా భాగం నల్ల ఇంకే. వాన చారలు, కోటు అంచు, మొహంలో ఒక సగం... వీటిని మాత్రం తెల్లగా వదిలేస్తాడు. చాలా చోట్ల అవుట్‌లైన్ కూడా ఉండదు. మిగతా మనిషిని మన కళ్ళే పూర్తి చేసుకుంటాయి. మామూలు ఎల్‌సీడీ ప్యానెల్ మీద, అదీ గదిలో లైట్ తీసేసి చూస్తే, ఆ నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది. అదే మంచి ఓలెడ్ మీద నలుపు కాస్తా బెజెల్‌లో కలిసిపోయి, ఆ సగం మొహం గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

డిస్‌ప్లే సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. ముందు ఆ నలుపు సంగతి. చిన్న చిన్న పబ్లిషర్లు, సొంతంగా పని చేసుకునే ఆర్టిస్టులు వేసే గ్రాఫిక్ నవలల్లో ఈ చీకటి మిస్టరీలకి ఒక ప్రత్యేకమైన గుంపు ఉంది. సూపర్‌హీరోలంటే బోర్ కొట్టినవాళ్ళు, మాంగాలు వరసపెట్టి చదివేసినవాళ్ళు చివరికి ఇక్కడికే వచ్చి చేరుతుంటారు. నేనూ అలా వచ్చిన బాపతే. ఇందులో అంత ఏముంది?

రెండు చీకట్లు కలిస్తే

"గోథిక్", "నోయిర్" అనే రెండు మాటల్నీ ఇప్పుడు రీల్స్‌లో ఫిల్టర్ పేర్లలాగా వాడేస్తున్నారు. అసలు సంగతి వేరే. గోథిక్ కథలకి ఆరంభం 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన "ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో" అని చెబుతారు. కథ మొదలవగానే పెళ్ళిరోజున ఒక పేద్ద హెల్మెట్ ఎక్కణ్ణుంచో వచ్చి పడి, దాని కింద పెళ్ళికొడుకు నలిగిపోతాడు. నవ్వొస్తుంది, నిజమే. కానీ దాని వెనక ఉన్న ఐడియా మాత్రం ఇప్పటికీ పని చేస్తోంది: తాతలు చేసిన పాపం ఇంటి గోడల్లోనే ఉండిపోతుంది, మనవళ్ళు దాన్ని కట్టాల్సి వస్తుంది. పాత ఇల్లు, తాళం వేసిన గది, ఎవరూ ఎత్తని పేరు... గోథిక్ అంటే ఇదే. ఇల్లు ఏదీ మర్చిపోదు.

నోయిర్ దీనికంటే చాలా కొత్తది. 1940ల అమెరికన్ క్రైమ్ సినిమాలు చూసి, 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఫ్రాన్స్‌లో వాటిని "ఫిల్మ్ నోయిర్" అన్నాడు. నల్ల సినిమా అని అర్థం. ఇక్కడ కోట ఉండదు, సిటీ ఉంటుంది. డిటెక్టివ్ ఉంటాడు గానీ అతని చేతులూ శుభ్రంగా ఉండవు. మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు గుర్తు చేసుకోండి (ఇంట్లో పెద్దవాళ్ళ బీరువాలో ఒక్కటైనా ఉండే ఉంటుంది). అక్కడ యుగంధర్ మీద మనకి అనుమానం రాదు. కేస్ క్లోజ్ అయ్యాక హాయిగా నిద్రపోవచ్చు. నోయిర్ ఆ హాయి ఇవ్వదు. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో బగ్ వస్తే లాగ్స్ చూస్తాం కదా, నోయిర్‌లో ఆ లాగ్స్ రాసినవాడే అబద్ధాలకోరు.

ఇప్పుడు రెండూ కలపండి. డిటెక్టివ్ వచ్చి "ఎవరు చంపారు?" అని అడుగుతాడు. ఆ ఇల్లు, ఆ ఊరు "నీ ప్రశ్నే తప్పు, ఇది నువ్వు పుట్టకముందు మొదలైంది" అని జవాబిస్తుంది. క్లూలు వెతుక్కుంటూ వెళ్ళినవాడికి చివర్లో తన పేరే దొరుకుతుంది. గోథిక్ నోయిర్ మిస్టరీ లాగేది ఇక్కడే. పజిల్ సాల్వ్ అయినా భయం పోదు.

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు సరుకు అనుకోనక్కర్లేదు. చందమామలో శంకర్ గారు గీసిన బేతాళ కథల బొమ్మ చూడనివాళ్ళు తెలుగు ఇళ్ళలో తక్కువ. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, నెల నెలా చివర్లో ఒక ప్రశ్న. చిన్నప్పుడే మనకి ఈ రుచి తగిలింది, కాకపోతే పేరు తెలీదు అంతే.

ఇండీలోనే ఎందుకు?

బ్యాట్‌మ్యాన్ కూడా డిటెక్టివే, గోతమ్ కూడా చీకటి ఊరే కదా అని మీరు అడగొచ్చు. కరెక్టే. కానీ బ్యాట్‌మ్యాన్ ఒక కంపెనీ ఆస్తి. వచ్చే నెల ఇష్యూకి అతను బతికే ఉండాలి, మంచివాడిగానే ఉండాలి, టీషర్టుల మీద అమ్ముడవ్వాలి. నోయిర్‌కి కావాల్సింది హీరో నిజంగా ఓడిపోయే ఛాన్స్. గోథిక్‌కి కావాల్సింది కథ నిజంగా ముగిసిపోయే ఛాన్స్. ఈ రెండూ ఇవ్వగలిగింది కథ హక్కులు తన దగ్గరే ఉంచుకున్న రచయిత మాత్రమే. 1992లో మార్వెల్‌కి పని చేసి పేరు తెచ్చుకున్న ఏడుగురు ఆర్టిస్టులు బయటికొచ్చి ఇమేజ్ కామిక్స్ పెట్టింది ఈ హక్కుల కోసమే. మొదట్లో వాళ్ళూ సూపర్‌హీరోలనే వేశారు, అది వేరే విషయం.

ఇంకో కారణం చాలా మామూలుది: డబ్బు. కలర్ ప్రింటింగ్ ఖర్చు ఎక్కువ కాబట్టి చిన్న పబ్లిషర్లు బ్లాక్ అండ్ వైట్‌లో వేసేవాళ్ళు. ఆ ఇబ్బందే స్టైల్ అయి కూర్చుంది. ఆలన్ మూర్ రాసి, ఎడీ క్యాంప్‌బెల్ గీసిన "ఫ్రమ్ హెల్" చూడండి. 1888లో లండన్ వైట్‌చాపెల్ హత్యల కథ, జాక్ ద రిప్పర్ కథ. 1989లో "టబూ" అనే హారర్ సంకలనంలో మొదలై, పబ్లిషర్లు మారుతూ, చివరికి 1999లో క్యాంప్‌బెల్ తనే మొత్తం పుస్తకంగా వేసుకున్నాడు. పెన్నుతో గీకినట్టుండే గీతలు. మసి పట్టిన పాత పేపర్ చూస్తున్నట్టే ఉంటుంది.

ఇందులో తమాషా ఏంటంటే, హంతకుడెవరో మూర్ ముందే చెప్పేస్తాడు. మిస్టరీ నవలలో ఇంతకంటే పెద్ద తప్పు ఉండదు అనిపిస్తుంది కదా. కానీ చదువుతుంటే ప్రశ్న మారిపోతుంది: ఎవరు చేశారు అనేది పోయి, ఈ ఊరు దీన్ని ఎలా సాధ్యం చేసింది అనేది వస్తుంది. నాలుగో చాప్టర్ మొత్తం ఒక గుర్రపు బండిలో లండన్ చుట్టి రావడమే. నికొలస్ హాక్స్‌మూర్ కట్టిన పాత చర్చిలు ఒక్కొక్కటే చూపిస్తూ, హంతకుడు తన బండివాడికి ఊరి చరిత్ర చెబుతుంటాడు. ఒక్క హత్యా జరగదు, అయినా పుస్తకంలో అందరికంటే భయపెట్టే చాప్టర్ అదే. మధ్యలో కాస్త సాగదీసినట్టు అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. ఓపిక పట్టండి. (2001లో జానీ డెప్‌తో వచ్చిన సినిమా మాత్రం ఈ పద్ధతి వదిలేసి మామూలు "ఎవరు హంతకుడు" దారి పట్టింది. పుస్తకం చదివినవాళ్ళు ఎందుకు గొణుగుతారో చూస్తే తెలుస్తుంది.)

ఎడ్ బ్రూబేకర్, షాన్ ఫిలిప్స్ జంట ఇమేజ్‌లో వేసిన "ఫాటేల్" (2012 నుంచి 2014) ఈ జానర్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళకి సులువైన తలుపు. నోయిర్ సినిమాల్లో ఒక అందమైన అమ్మాయి ఉంటుంది, ఆమె వల్ల మగాళ్ళందరూ నాశనమవుతారు, తప్పంతా ఆమెదే. ఇక్కడ బ్రూబేకర్ అదే కథని ఆమె వైపు నుంచి చూపిస్తాడు. జోసఫిన్‌కి వయసు పెరగదు. ఆమెని చూసిన ప్రతి మగాడూ పిచ్చివాడైపోతాడు, అదొక శాపం, వదిలించుకోవడం ఆమె చేతిలో లేదు. అంటే నోయిర్‌లో విలన్ అనుకున్న మనిషే, గోథిక్ లెక్కలో బంగళాలో బందీ అయిన అమ్మాయి. పాత జానర్ మొత్తం మీద ఇది ఒక కోడ్ రివ్యూ కామెంట్ లాంటిది. మొదట 12 ఇష్యూలే అనుకున్నది చివరికి 24 అయింది. కథ ఎక్కడ ఆగాలో రాసినవాళ్ళే తేల్చుకోవడమంటే ఇదే.

నోట్‌బుక్‌లో ఒక హత్య

ఒక్క పుస్తకమే చెప్పమంటే మాత్రం నేను చెప్పేది ఎమిల్ ఫెరిస్ రాసి గీసిన "మై ఫేవరెట్ థింగ్ ఈజ్ మాన్‌స్టర్స్". 2017లో ఫాంటాగ్రాఫిక్స్ వేసింది.

1960ల చివర్లో చికాగో. పదేళ్ళ కరెన్ రెయెస్‌కి హారర్ సినిమాలంటే ప్రాణం. తనని తాను తోడేలు పిల్లగా ఊహించుకుంటుంది, అందుకే పుస్తకం పొడవునా మనకి కూడా కింది దవడ కోరలతో, తోడేలు మొహంతోనే కనిపిస్తుంది. పై అంతస్తులో ఉండే అంకా సిల్వర్‌బర్గ్ గుండెలో తూటాతో చనిపోతుంది. పోలీసులు ఆత్మహత్య అని ఫైల్ మూసేస్తారు. కరెన్ నమ్మదు. పెద్ద సైజు డిటెక్టివ్ కోటు, టోపీ వేసుకుని దర్యాప్తు మొదలుపెడుతుంది. అంకా తన గతం గురించి చెప్పిన టేప్ రికార్డింగ్‌లు దొరుకుతాయి. ఆ టేపుల్లో నాజీల కాలపు జర్మనీ ఉంటుంది. చికాగో అపార్ట్‌మెంట్‌లో జరిగిన చావు, బెర్లిన్‌లో ఎప్పుడో మొదలైన కథకి చివరి పేజీ కావచ్చు. మరోవైపు కరెన్ ఇంట్లోనే తల్లికి జబ్బు, అన్న డీజ్ ఏదో దాస్తున్నాడు. వాళ్ళనీ వీళ్ళనీ అనుమానిస్తూ తిరిగే పిల్ల, ఎక్కడ అనుమానించకూడదని కోరుకుంటోందో అక్కడికే వస్తుంది. ఇంతకంటే చెప్తే స్పాయిలర్.

కథ ఇంత బాగున్నా, నన్ను పట్టేసింది ఇది గీసిన తీరు. పుస్తకం మొత్తం కరెన్ డైరీ: గీతలున్న స్కూల్ నోట్‌బుక్, పక్కన స్పైరల్, అందులో బాల్‌పాయింట్ పెన్నులతో గీసిన బొమ్మలు. వేల వేల సన్న గీతలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా గీసి నీడలు తెస్తుంది ఫెరిస్. మధ్య మధ్యలో పాత హారర్ మ్యాగజైన్ కవర్లు, ఆర్ట్ మ్యూజియంలో పెయింటింగులు. ప్యానెల్ బాక్సులు చాలా పేజీల్లో అసలు ఉండవు. ఒక పేజీ నిండా ఒకే మొహం ఉంటుంది, ఆ మొహం చుట్టూ చేతిరాత తిరుగుతుంటుంది. ఎటునుంచి చదవాలో మనమే వెతుక్కోవాలి. కరెన్ క్లూలు వెతుకుతున్నట్టే మనమూ పేజీని వెతుకుతాం. డిటెక్టివ్ పని పాఠకుడి కళ్ళకి అప్పజెప్పడమంటే ఇది.

ఈ గీతల వెనక సంగతి తెలిస్తే ఇంకోలా చూస్తారు. తనకి నలభై ఏళ్ళు వచ్చినప్పుడు, ఫెరిస్‌ని ఒక దోమ కుట్టి వెస్ట్ నైల్ వైరస్ సోకింది. నడుము కింద పక్షవాతం, కుడి చేయి పనిచేయలేదు. అప్పటిదాకా ఆమె బొమ్మలు గీసుకునీ, పిల్లల ఆటబొమ్మలు డిజైన్ చేసీ బతికిన మనిషి, చిన్న కూతురున్న సింగిల్ మదర్. పెన్నుని చేతికి టేపుతో కట్టుకుని మళ్ళీ గీయడం నేర్చుకుంది. ఆర్ట్ స్కూల్లో చేరింది. పుస్తకం పూర్తయ్యాక 48 మంది పబ్లిషర్లు వద్దన్నారు. చివరికి ఒకరు ఒప్పుకుని కొరియాలో ప్రింట్ చేయిస్తే, కాపీలు తెస్తున్న హాన్‌జిన్ షిప్పింగ్ కంపెనీ 2016లో దివాలా తీసింది, సరుకు పనామా కాలువ దగ్గర ఇరుక్కుపోయింది. అందుకే 2016లో రావాల్సిన పుస్తకం 2017లో వచ్చింది. ఆ తర్వాత 2018లో మూడు ఐస్నర్ అవార్డులు, 2019లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఫెస్టివల్ టాప్ అవార్డు. రెండో భాగం కోసం 2024 దాకా ఆగాల్సి వచ్చింది. వేల గీతలు చేత్తో గీసే మనిషికి డెడ్‌లైన్ పెట్టే కంపెనీ ఏదైనా ఉంటే ఈ పుస్తకం ఉండేది కాదు.

కరెన్‌కి రాక్షసులంటే భయం లేదు. గుంపంటే భయం. తనకి భిన్నంగా ఉన్నవాడి ఇంటికి కాగడాలు పట్టుకుని వచ్చే మామూలు మనుషులంటే భయం. ఇది చదువుతున్నప్పుడు నాకు 1960ల చికాగో ఒక్కటే గుర్తు రాలేదు.

గైడెడ్ వ్యూ ఎక్కడ దెబ్బ కొడుతుంది

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. ఫోన్‌లో కామిక్స్ చదివేవాళ్ళకి గైడెడ్ వ్యూ తెలిసే ఉంటుంది. ట్యాప్ చేస్తే ఒక ప్యానెల్, మళ్ళీ ట్యాప్ చేస్తే ఇంకో ప్యానెల్, జూమ్ అయి వస్తుంది. కామిక్సాలజీ యాప్ దీన్ని పాపులర్ చేసింది. మామూలు యాక్షన్ కామిక్‌కి సూపర్ ఫీచర్. గోథిక్ నోయిర్‌కి మాత్రం విషం.

కారణం సింపుల్. జెఫ్ లెమైర్ రాసి, ఆండ్రియా సొరెంటీనో గీసిన "గిడియన్ ఫాల్స్" (2018 నుంచి 2020, ఇమేజ్) తీసుకోండి. సిటీలో నార్టన్ అనే ఒంటరి కుర్రాడు చెత్తకుప్పల్లోంచి చెక్క పేళ్ళు, మేకులు ఏరుకుంటుంటాడు, అవన్నీ ఒక నల్లని పశువులశాల ముక్కలని నమ్ముతాడు. ఇంకోపక్క ఒక పల్లెటూరికి కొత్తగా ఒక ఫాదర్ వస్తాడు. రెండు కథలకీ లింకేంటో తెలీదు. ఆ శాల దగ్గరికి వచ్చేసరికి పేజీయే విరగడం మొదలవుతుంది: ప్యానెళ్ళు పగిలి చుట్టూ తిరుగుతాయి, బొమ్మలు తలకిందులవుతాయి. ఆటో రొటేట్ ఆఫ్ చేసుకోండి, లేకపోతే మీరు ఫోన్ తిప్పడం, అది మళ్ళీ తిప్పడం, పెద్ద కామెడీ అయిపోతుంది. ఇక్కడ పేజీ ఆకారమే క్లూ. దాన్ని ప్యానెల్ ప్యానెల్‌గా కోసి చూపిస్తే, జిగ్సా పజిల్‌ని ఒక్కో ముక్కా విడివిడిగా చేతికిచ్చినట్టే.

స్పీడ్ కూడా సమస్యే. రీల్స్ అలవాటైన బొటనవేలు ట్యాప్ ట్యాప్ మంటూ వెళ్ళిపోతుంది. ఈ కథల్లో విషయం అంతా మూలల్లో, నీడల్లో ఉంటుంది. సగం చీకటి ప్యానెల్‌ని ఒక్క సెకనులో దాటేస్తే మీరు చదివింది డైలాగులు మాత్రమే, కథ కాదు.

అలాగని స్క్రీన్ ఎప్పుడూ విలనే అనడం అన్యాయం. కెనడా ఆర్టిస్ట్ ఎమిలీ కారొల్ 2010 హాలోవీన్ రోజున తన సైట్‌లో ఫ్రీగా పెట్టిన "హిజ్ ఫేస్ ఆల్ రెడ్" చదవండి. పది నిమిషాల పని. ఒకడు అడవిలో తన అన్నని చంపుతాడు. మూడు రోజులకి అన్న తిరిగొస్తాడు, నవ్వుతూ. చంపినవాడే కథ చెబుతున్నాడు, వాడికి ఒకటే డౌట్: వచ్చింది ఎవరు? చివర్లో ఒక గోతిలోకి దిగాలి. అక్కడ పేజీ కిందకి, ఇంకా కిందకి స్క్రోల్ అవుతూనే ఉంటుంది. దిగేది వాడు కాదు, మీ వేలే. స్కాట్ మెక్‌క్లౌడ్ 2000లోనే స్క్రీన్ అంటే పేజీ కాదు, అంతులేని కాన్వాస్ మీద తెరిచిన కిటికీ అన్నాడు. కారొల్ ఆ కిటికీలోంచి మనల్ని కిందకి తోసేసింది. ఇదే కథ తర్వాత "త్రూ ద వుడ్స్" అనే ప్రింట్ పుస్తకంలో (2014) కూడా వచ్చింది. బాగుంటుంది, కానీ ఆ గోతి ఎఫెక్ట్‌కి స్క్రీనే రైట్.

మరి దేని మీద చదవాలి?

ముందు లెక్క. అమెరికన్ కామిక్ పేజీ సుమారు 6.6 అంగుళాల వెడల్పు, 10.2 అంగుళాల పొడవు. మీ 6.7 అంగుళాల ఫోన్ వెడల్పు, 20:9 స్క్రీన్ అయితే, 2.75 అంగుళాలే. అంటే పేజీ 40 శాతానికి కుదించుకుపోతుంది. ఫెరిస్ గీసిన సన్న గీతలు అంత చిన్నగా అయ్యేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి మురికి మచ్చలా కనిపిస్తాయి. రిజల్యూషన్ ఎంత ఉన్నా కంటికి ఒక హద్దు ఉంది కదా. "సిన్ సిటీ", "హెల్‌బాయ్" లాంటి పెద్ద పెద్ద నల్ల ముద్దల కామిక్స్‌ని ఫోన్ కాస్త తట్టుకుంటుంది. "మాన్‌స్టర్స్", "ఫ్రమ్ హెల్" ఫోన్‌లో వద్దు.

11 అంగుళాల ట్యాబ్లెట్ అయితే పేజీ దాదాపు అసలు సైజుకి దగ్గరగా వస్తుంది. ఓలెడ్ అయితే ఇంకా మంచిది, నలుపు ఉన్నచోట పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది. ఒక చిన్న తలనొప్పి: తక్కువ బ్రైట్‌నెస్‌లో వేగంగా స్క్రోల్ చేస్తే కొన్ని ఓలెడ్ ప్యానెళ్ళలో ఆరిన పిక్సెళ్ళు మేలుకోవడానికి టైం తీసుకుని, నలుపు అంచుల్లో మరకలా సాగుతుంది. నెమ్మదిగా స్క్రోల్ చేయండి. ఈ జానర్‌కి అది ఎలాగూ మంచిదే. కలర్ మోడ్ "వివిడ్" నుంచి "నేచురల్"కి మార్చండి, "ఫాటేల్" లాంటి పుస్తకాల్లో మసక రంగులు కావాలనే మసకగా వేశారు.

ఈ-ఇంక్ సంగతి చాలామంది అడుగుతారు. బ్లాక్ అండ్ వైట్ ఈ-ఇంక్ 300 పీపీఐ, 16 గ్రే షేడ్స్. నలుపు అంత గాఢంగా ఉండదు, ముదురు బూడిద అనాలి. కానీ "ఫ్రమ్ హెల్" గీతల్ని దానికంటే బాగా చూపించే స్క్రీన్ నేను చూడలేదు, అచ్చం పేపర్. పెద్ద సైజు రీడర్ ఉంటేనే. కలెయిడో 3 కలర్ ఈ-ఇంక్‌లో రంగు వచ్చేసరికి రిజల్యూషన్ 150 పీపీఐకి పడిపోతుంది, రంగులు ఉతికిన బట్టలా ఉంటాయి. వాటి కోసమే అయితే కొనొద్దు.

ఇక "మాన్‌స్టర్స్"కి నా సలహా: పేపర్. గాడ్జెట్ సైట్‌లో ఈ మాట రాస్తున్నానని ఎడిటర్ కోప్పడితే పడనీ. ఇండియాలో ఇంపోర్టెడ్ కాపీ ఖరీదే, ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కోండి.

కొన్నది మన దగ్గర ఉంటుందా?

డిజిటల్‌గా కొనేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కామిక్సాలజీని 2014లో అమెజాన్ కొనేసింది. 2022లో దాని వెబ్‌సైట్‌ని తనలో కలిపేసుకుంది, 2023 డిసెంబర్‌లో యాప్ మూతపడి అంతా కిండిల్‌లోకి వెళ్ళిపోయింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాల్ని కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసి యూఎస్‌బీతో ఎక్కించుకునే ఆప్షన్ కూడా తీసేశారు. అంటే డబ్బులు కట్టింది పుస్తకానికి కాదు, చదువుకునే లైసెన్స్‌కి. పెద్ద కంపెనీల కామిక్స్ ఎలాగోలా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. చిన్న ఆర్టిస్ట్ పుస్తకం ఒక స్టోర్‌లోంచి పోతే మళ్ళీ కనపడకపోవచ్చు. అందుకే ఇండీ పుస్తకాలు డీఆర్‌ఎం లేకుండా పీడీఎఫ్‌గానో, సీబీజెడ్‌గానో ఇచ్చే చోటు ఉంటే ముందు అక్కడ చూడండి. డబ్బులో ఎక్కువ భాగం గీసినవాళ్ళకి చేరే ఛాన్స్ కూడా అక్కడే.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ "ద ప్రైవేట్ ఐ". బ్రయాన్ కె. వాన్ రాస్తే, మార్కోస్ మార్టిన్ గీశాడు, రంగులు ముంత్సా విసెంటే. 2013 నుంచి 2015 దాకా పది ఇష్యూలు, పానెల్ సిండికేట్ అనే వాళ్ళ సొంత సైట్‌లో. పేజీని మొదటి నుంచే అడ్డంగా, స్క్రీన్ కోసమే డిజైన్ చేశారు, కాబట్టి ల్యాప్‌టాప్‌లోనూ ట్యాబ్లెట్‌లోనూ జూమ్ గొడవే లేదు. 2015లో బెస్ట్ డిజిటల్ కామిక్‌గా ఐస్నర్ గెలిచింది.

కథ 2076 లాస్ ఏంజెలెస్‌లో. ఎప్పుడో ఒకరోజు క్లౌడ్ పగిలిపోయి అందరి ఫోటోలు, మెసేజ్‌లు, సెర్చ్ హిస్టరీ అందరికీ కనపడిపోయాయి. ఉద్యోగాలు పోయాయి, కాపురాలు కూలాయి. ఆ తర్వాత ఇంటర్నెట్టే లేదు. బయటికొస్తే ప్రతి ఒక్కరూ మాస్క్ వేసుకుంటారు, పేర్లు మార్చుకుంటారు. అలాంటి ఊళ్ళో ఒక అమ్మాయి డిటెక్టివ్ దగ్గరికొచ్చి విచిత్రమైన కేస్ ఇస్తుంది: నా గతంలో ఏముందో తవ్వి చూడు, బయటపడుతుందో లేదో తెలుసుకోవాలి. కాసేపట్లో ఆమె శవమవుతుంది. రంగులు చూస్తే గోథిక్ అనరు, అంత మెరుపు. కానీ గోథిక్ నవలలో పాత కోట చేసే పని ఇక్కడ పాత సెర్చ్ హిస్టరీ చేస్తుంది. మనలాంటి వాళ్ళకి దెయ్యం బంగళా కంటే అదే ఎక్కువ భయం.

ఫైల్స్ డీఆర్‌ఎం లేకుండా వస్తాయి. ధర మీ ఇష్టం, బాక్సులో సున్నా కొట్టినా డౌన్‌లోడ్ అవుతుంది. నేను మొదటి ఇష్యూకి సున్నా కొట్టాను, రెండోదాని నుంచి డబ్బులు కట్టాను.